రెండు వారాల మిషన్ ట్రిప్‌లో దొరికిన విశ్వాసం నిలుస్తుందా?

వలసపిట్ట:
అందరికీ వందనాలు. మా సంఘం నుంచి తొమ్మిది మందిమి పశ్చిమ కెన్యాలో ఒక పల్లెకు రెండు వారాల మిషన్ ట్రిప్‌కి వెళ్లొచ్చి నెలన్నర అవుతోంది. స్కూలు గదులకు రంగులు వేశాం, పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిల్ తరగతులు) నడిపాం, సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేశాం. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు అడిగారు. ఏం చెప్పాలో తేలక ఇక్కడ రాస్తున్నాను.

ఒక సాయంత్రం ఒక ముసలమ్మ ఇంటికి వెళ్లాం. ఒంటి గది, రేకుల కప్పు, కూర్చోడానికి ఉన్న ఒక్క స్టూలు నాకే వేసింది. ఆమె కోసం ప్రార్థన చేద్దామని వెళ్లినదాన్ని, మాటల్లో మా నాన్న పోయి ఏడాదిన్నర అయిందని మా వెంట వచ్చిన అనువాదకుడితో చెప్పించాను. ఆమె నా చెయ్యి తీసుకుని "పోలే, పోలే సానా" అంది. స్వాహిలీలో ఎదుటివాళ్ల కష్టం చూసి అయ్యో అనే మాట అది. తర్వాత నా పేరు అడిగింది. నోరు తిరగలేదు, మూడుసార్లు నాతో పలికించి సరిచేసుకుంది. అప్పుడు నా కోసం ప్రార్థన చేసింది. ఆమె అరచేతిలో కాయ నా వేళ్లకు గుచ్చుకుంటూనే ఉంది, ఎంతసేపైనా చెయ్యి వదల్లేదు. నాన్న పోయాక నేను ఏడ్చింది అప్పుడే.

వెళ్లకముందు నాకున్నది విశ్వాసం కాదు, అలవాటు అని అప్పుడు అర్థమైంది. కానీ తిరిగొచ్చిన మూడో వారానికే మళ్లీ పాత సంగతే, పొద్దున లేచి బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి తప్ప ఇంకేమీ లేదు. ఇలా వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అక్కడ దొరికింది ఇక్కడ నిలుస్తుందా?

దీపస్తంభం:
దేవునికే మహిమ సిస్టర్. సాక్ష్యం తప్పకుండా చెప్పండి, చాలామందికి ఆదరణ.

రెండోమైలు:
సిస్టర్, సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. స్కూలుకు రంగులు వేయడానికి ఆ ఊళ్లో మనుషులు లేరా? తొమ్మిది మంది విమానం టికెట్ల డబ్బు అక్కడి సంఘానికే పంపి ఉంటే ఆ చుట్టుపక్కల రంగులు వేసేవాళ్లకు చాలాకాలం పని దొరికేది, బహుశా ఇంకో గది కూడా లేచేది. మీరు ఏడ్చారు, మనసు తేలికపడింది, మంచిదే, కాదనను. కానీ అది మీకు జరిగిన మేలు. దానికి మిషన్ అని పేరు పెట్టి సంఘం ముందు నిలబడి చెప్పడమే నాకు మింగుడుపడదు.

గోధుమగింజ:
డబ్బు కాదు, రోజులే అసలు సమస్య. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఎఫెసులో తురన్ను పాఠశాలలోనే రెండేళ్లు బోధించాడు. ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ బెంగాల్‌కు వచ్చింది 1793లో, ఆ దేశస్థుడికి మొదటి బాప్తిస్మం ఇచ్చింది 1800 డిసెంబరులో. ఏడేళ్లు! ఆ మధ్యలో కొడుకును పాతిపెట్టాడు, భార్యకు మతి చలించింది, భాష నేర్చుకుంటూ ఉండిపోయాడు. రెండు వారాల్లో ఎదుటివాళ్ల పేర్లు నేర్చుకునేసరికే తిరుగు ప్రయాణం వస్తుంది.

వలసపిట్ట:
గోధుమగింజ బ్రదర్, థెస్సలొనీకలో పౌలు మూడు విశ్రాంతి దినాలు మాట్లాడాడు, సంఘం నిలబడింది. ఫిలిప్పుకు ఐతియొపీయుడితో దొరికింది ఒక్క రథ ప్రయాణం, ఆ దారిలోనే అతను బాప్తిస్మం తీసుకున్నాడు. దేవుడు ఎన్ని రోజుల్లో పని చేయాలో మనం లెక్కగట్టగలమా? పైగా నేను అడిగింది నాలో జరిగిన దాని గురించి, అక్కడ ఎంతమందిని మార్చాం అని కాదు.

గోధుమగింజ:
మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో తర్కించాడని మాత్రమే ఉంది, మొత్తం మూడు వారాలే ఉన్నాడని లేదు. థెస్సలొనీకలో ఉండగా ఫిలిప్పీవాళ్లు మాటిమాటికి సాయం పంపారని ఆయనే రాశాడు (ఫిలిప్పీ 4:16). ఫిలిప్పీ నుంచి మనుషులు ఒకటికి రెండుసార్లు నడిచి రావాలంటే ఎన్నాళ్లు పడుతుంది? కాబట్టి ఆ ఉదాహరణ మీకు పనికిరాదు.

మిద్దెగది:
నేను ఇలాంటి ట్రిప్‌లకు మూడుసార్లు వెళ్లాను, కాబట్టి బయట నిలబడి రాళ్లేస్తున్నానని అనుకోకండి. మీరు వెళ్లింది కెన్యా అన్నారు కనుక ఒక సంగతి గుర్తొచ్చింది. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘ నాయకుడు జాన్ గాటు 1971లో విదేశీ మిషనరీలనూ విదేశీ డబ్బునూ కొంతకాలం ఆపమని అడిగారు. మనుషుల మీద కోపంతో కాదు, తమ సంఘం తన కాళ్ల మీద నిలబడాలని. రెండోమైలు గారు టికెట్లు మాని డబ్బు పంపమంటున్నారు, కానీ గాటు అడిగింది ఆ డబ్బు కూడా ఆపమనే. అది గమనించండి.

ఇంకొకటి. 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన వి.ఎస్. అజరయ్య గారు, రెండేళ్ల తర్వాత దోర్నకల్ బిషప్ అయినాయన, మిషనరీల ముందే నిలబడి చెప్పిన మాట ఏమిటంటే, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అని. వలసపిట్టా, ఆ ముసలమ్మ ఇంట్లో నీకు జరిగింది నాకు అలాంటిదే అనిపిస్తోంది. కాకపోతే స్నేహం చేసింది ఆమె. రంగులు వేయడం కంటే అదే పెద్ద సంగతి. సాక్ష్యంలో అదే చెప్పు. కానీ పిల్లల ఫొటోలు తెరమీద వేయొద్దని మీవాళ్లతో గట్టిగా చెప్పు. మన పిల్లలు చిరిగిన బట్టల్లో ఉన్న ఫొటో మనల్ని అడక్కుండా ఎవరో పరాయి దేశంలో చూపిస్తే ఒప్పుకుంటామా?

వలసపిట్ట:
అక్కా, ఫొటోల స్లైడ్ షో ఇప్పటికే తయారైపోయింది. రేపే మాట్లాడతాను. ఈ కోణం నాకు తట్టలేదు, సిగ్గుగా ఉంది.

రెండోమైలు:
టికెట్ల సంగతికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. అజరయ్య గారు, గాటు గారు అందరూ గొప్పవాళ్లే. నేను అడిగేది చిన్న ప్రశ్న. అపొస్తలుల కార్యములు 1:8లో ప్రభువు సాక్షులుగా ఉండమన్న చోట్లలో యెరూషలేము, అంటే ఉన్న ఊరు, ముందుంది, భూదిగంతాలు చివర్లో ఉన్నాయి. మన సంఘాల్లో యెరూషలేమును వదిలేసి నేరుగా విమానం ఎక్కుతున్నారు.

ఎందుకంటున్నానో చెప్తాను. మా అమ్మకు పక్షవాతం వచ్చి పదకొండు నెలలు మంచంలో ఉంది. నేనొక్కణ్ణే. పొద్దున తుడవడం, బట్టలు మార్చడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, రాత్రి అలారం పెట్టుకుని లేవడం. ముప్పై ఏళ్లు ఆమె కూర్చున్న సంఘం నుంచి ఆ పదకొండు నెలల్లో వచ్చింది రెండుసార్లు, రెండోసారి భూస్థాపనకు. అదే సంవత్సరం మిషన్ ట్రిప్ కోసం ప్రత్యేక కానుకలు, ఉపవాస ప్రార్థనలు, వెళ్లేవాళ్ల మీద చేతులుంచి పంపడం, అన్నీ జరిగాయి. వారం వారం చదివే ప్రార్థన మనవుల కాగితంలో అమ్మ పేరు తప్పు పడింది. చెప్పాను. తర్వాతి వారం కూడా తప్పే. ఆమె చనిపోయేదాకా తప్పు పేరుతోనే ప్రార్థన చేశారు.

దీపస్తంభం:
చాలా బాధాకరం బ్రదర్. ప్రభువు మిమ్మల్ని ఆదరించును గాక.

వలసపిట్ట:
మీ అమ్మగారి విషయం చదివి నిజంగా మనసు కలిచివేసింది. కానీ బ్రదర్, మీ సంఘం చేసిన తప్పుకు నన్నెందుకు నిలదీస్తున్నారు? నా టికెట్ నేను కొనుక్కున్నాను. రెండేళ్లు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు. సంఘం నుంచి పైసా తీసుకోలేదు. మీరు మొదటి నుంచీ నేనేదో పిక్నిక్‌కి వెళ్లొచ్చినట్టు మాట్లాడుతున్నారు. మా నాన్న పోయినప్పుడు మా ఇంటికి కూడా ఎవరూ రాలేదు, వచ్చినవాళ్లు దేవుని చిత్తం అని టీ తాగి వెళ్లిపోయారు. నేనెవరి మీదా పడి ఏడవలేదే. నాకు దేవుడు ఎక్కడ కనిపించాలో మీ అనుమతి తీసుకోవాలా?

రెండోమైలు:
అనుమతి గురించి నేనడగలేదు. టికెట్ మీ డబ్బుతో కొన్నారని ముందే చెప్పి ఉంటే ఆ మాట అనేవాణ్ణి కాదు, దానికి క్షమించండి. కానీ నా కడుపు మండింది టికెట్ దగ్గర కాదని ఇప్పుడు మీరు రాసింది చదువుతుంటే నాకే తెలిసింది. మీ మొదటి పోస్టులో ఒక వాక్యం ఉంది. "వెళ్లకముందు నాకున్నది విశ్వాసం కాదు, అలవాటు." అదీ నన్ను గుచ్చింది.

ఆ పదకొండు నెలలు నాకు దేవుడు కనిపించలేదు. ఒక్క రోజు కూడా. ఏ ముసలమ్మా నా చెయ్యి పట్టుకోలేదు. ప్రార్థన చేస్తే గోడకు చెప్పినట్టు ఉండేది. అయినా పొద్దున్నే అమ్మ పక్కన కూర్చుని కీర్తన చదివేవాణ్ణి, ఎందుకంటే ఆమె వింటుంది, ఎందుకంటే రోజూ చదివాం కాబట్టి. నాకు ఏ అనుభూతీ లేదు, అలవాటే ఉంది. దాన్ని పట్టుకునే ఆ ఏడాది గడిపాను. మీరేమో రెండు వారాలు వెళ్లొచ్చి అలవాటు విశ్వాసం కాదని తేల్చేశారు. మరి నాది ఏమిటి? నేను ఆ ఏడాదంతా అవిశ్వాసినా?

గోధుమగింజ:
నా ప్రశ్న రోజుల గురించి, అది అలాగే మిగిలిపోయింది. వీలైనప్పుడు ఫిలిప్పీ 4:16 చూడండి.

మిద్దెగది:
గోధుమగింజా, ఇప్పుడు వద్దు బాబూ.

వలసపిట్ట:
రెండోమైలు గారూ, రాత్రంతా ఆలోచించాను. కోపంలో అన్న మాటకు మన్నించండి, పిక్నిక్ అన్న పదం మీరు వాడలేదు, నేనే కల్పించుకున్నాను.

మీది విశ్వాసం కాదని నేను అనలేదు, అనను. కానీ నాది కాదని మాత్రం ఇప్పటికీ అంటాను. ఎందుకో చెప్పనివ్వండి. మీరు చదివిన కీర్తన పక్కన ఒక మనిషి ఉంది. మీ అలవాటు ఒకరిని పక్కకు తిప్పింది, తుడిచింది, రాత్రి లేచింది. నా అలవాటు ఏం చేసిందనుకున్నారు? నాన్న పోయాక ఏడాదిన్నర క్వాయర్‌లో ముందు వరసలో నిలబడి చేతులెత్తి పాడాను. అందరూ ఎంత బలమైన పిల్ల అన్నారు. ఇంటికొచ్చి తలుపేసుకునేదాన్ని. అదే సంవత్సరం మా సంఘంలో ఒకామెకు బిడ్డ పోతే నేను వెళ్లలేదు, ఏం మాట్లాడాలో తెలియదని వాట్సాప్‌లో ఒక వచనం పంపి ఊరుకున్నాను. మీ ఇంటికి రానివాళ్లలో నాలాంటిదాన్ని కూడా వేసుకోండి. అందుకే దాన్ని విశ్వాసం అనలేకపోతున్నాను. అనుభూతి లేదని కాదు.

రెండోమైలు:
ఇది వేరే మాట. ఇలా మొదటే రాసి ఉంటే నేనింత రాసేవాణ్ణి కాదు. కానీ ఇంకా ఒప్పుకోను. ఆదివారం ఆ వాక్యం మీ నోటి నుంచి వస్తే వినేవాళ్లకు ఈ వివరం అంతా తెలియదు. ఆ బెంచీల మీద కేవలం అలవాటుతో వచ్చి కూర్చున్నవాళ్లు ఉంటారు. వెనక వరసలో, గుమ్మానికి దగ్గరగా. నేనిప్పుడు అక్కడే కూర్చుంటాను. వాళ్ల చేతిలో మిగిలింది ఆ ఒక్కటే. మైకులో అది విశ్వాసం కాదు అని వినిపిస్తే కొందరు ఆ తర్వాతి ఆదివారం రారు. అనుభవం దొరికినవాళ్లు దొరకనివాళ్ల గురించి జాగ్రత్తగా మాట్లాడాలి.

మిద్దెగది:
ఈ మాట మీద నేను ఆయన వైపే ఉన్నాను వలసపిట్టా. లూకా 10లో ప్రభువు పంపిన డెబ్బది మంది పని చేసి సంతోషంతో తిరిగొచ్చి చెప్తే, ప్రభువు ఆ సంతోషాన్ని కొట్టిపారేయలేదు కానీ దయ్యాలు లోబడ్డాయని సంతోషించొద్దు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు. వెళ్లినవాళ్లకు మాత్రమే దొరికేదాని మీద ఆనుకోవద్దని నాకు అర్థమవుతుంది.

వలసపిట్ట:
జాగ్రత్తగా చెప్తాను అక్కా. కానీ పూర్తిగా మింగేయలేను. ముందు వరసలో కూడా కొందరు ఉంటారు కదా, నాలాగా చేతులెత్తి. వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. రెండోమైలు గారూ, ఈ ఒక్క విషయంలో మనం కలవం అనుకుంటాను.

రెండోమైలు:
కలవం. సరే.

ఒక్కటి అడగొచ్చా, వాదన కోసం కాదు. ఆ ముసలమ్మ ప్రార్థనలో ఏమంది? మీరది రాయలేదు.

వలసపిట్ట:
తెలియదు. తర్వాత దారిలో అనువాదకుణ్ణి అడిగాను. ఆయనది వేరే ప్రాంతం. ఆమె స్వాహిలీలో మొదలుపెట్టి వెంటనే లువో భాషలోకి వెళ్లిపోయిందట, అది ఆయనకు రాదు. నాకు అర్థమైంది నా పేరొక్కటే. మధ్యలో నాలుగైదుసార్లు వచ్చింది. ప్రతిసారీ సరిగ్గానే పలికింది.