నవల పడితే నిద్రొస్తోంది, ఆత్మకథ పడితే తెల్లారిపోతోంది. ఇంకేం చదవమంటారు?

చీరాల ప్యాసింజర్:
ఈ మధ్య ఏ నవల తెరిచినా నాలుగు పేజీలకే పక్కన పడేస్తున్నాను, ఎవరిదైనా స్వీయచరిత్ర దొరికితే మాత్రం అన్నం మీద ధ్యాస కూడా ఉండట్లేదు. ఇదంతా ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’తో మొదలైంది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి రొమ్ము చూపించిన సంగతి బళ్ళో అందరం చదువుకున్నదే, దానికోసం ఆ పుస్తకం చదవక్కర్లేదు. నన్ను పట్టేసింది ఒంగోలు చిన్నతనం. తండ్రి పోయాక తల్లి పూటకూళ్ళు పెట్టి పిల్లల్ని సాకడం, పరీక్ష ఫీజు 3 రూపాయలకి ఆవిడ పట్టుచీర తాకట్టుకి వెళ్ళడం, ఈయనేమో నాటకాల్లో ఆడవేషాలు కడుతూ అల్లరిమూకతో తిరగడం. అలాంటి కుర్రాడు మద్రాసులో పెద్ద బారిస్టరై, సంపాదించినదంతా స్వరాజ్య పత్రికకి ధారపోశాడు. నవల్లో ఇలా రాస్తే ‘మరీ ఓవర్’ అనేవాళ్ళం. మీకెందుకు నచ్చుతాయి ఇవి? రాజకీయ నాయకులవి కాకుండా చెప్పండి.

గోదారి గట్టు:
శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారి ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ చదవకపోతే ముందు అది చదవండి, తర్వాత మాట్లాడుకుందాం. వేదం, సంస్కృతం తప్ప మరొకటి చదువే కాదనుకునే ఇంట్లో పుట్టి, తెలుగులో కథలు రాస్తానని మొండికేసిన మనిషి. గోదారి జిల్లా మాట చెవిలో వినబడుతూ ఉంటుంది. కొంచెం గొప్పలు కూడా చెప్పుకుంటారు లెండి, నాకదీ ఇష్టమే. నవ్వుకోవాలంటే ముళ్ళపూడి వెంకటరమణ ‘కోతికొమ్మచ్చి’. మద్రాసులో ఆకలి గురించి కూడా జోకులేస్తాడాయన, నవ్వేశాక మనకే అదోలా ఉంటుంది.

మానుకోట:
అన్నా, అన్నీ కోస్తా పుస్తకాలేనా? దాశరథి కృష్ణమాచార్య ‘యాత్రాస్మృతి’, ఆయన తమ్ముడు రంగాచార్య ‘జీవనయానం’, రెండూ పక్కపక్కన పెట్టుకొని చదువు. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు, ఒకే నిజాం రాజ్యం, కానీ అన్న కండ్లు వేరు తమ్ముని కండ్లు వేరు. అన్న నిజామాబాద్ జైల్ల పండ్లు తోముకునే బొగ్గుతోని గోడ మీద పద్యం రాసిండు, అది అందరికీ తెలుసు. తమ్ముడేమో ఊరు ఊరంతా చెప్తడు: ఏం తిన్నరు, పండుగ ఎట్ల చేసిన్రు, దొర ముంగట ఎట్ల నిలబడ్డరు. నాకు చరిత్ర పుస్తకంల దొరకనిది అదే.

ఉప్పుచేప:
ఆత్మకథల్ని అంతగా నమ్మకండి బాబూ. తనను తాను తిట్టుకున్నట్టే తిట్టుకుని పక్కవాణ్ణి నాలుగు దులిపే పుస్తకాలే ఎక్కువ. ఇబ్బందైన చోటల్లా ‘అది అప్రస్తుతం’ అని దాటేస్తారు. హరికథల ఆదిభట్ల నారాయణదాసుగారి ‘నా యెఱుక’ ఒక్కటే నాకు భలే నచ్చింది, అదీ మొదటి ముప్పయ్యేళ్ళ దగ్గరే ఆగిపోయింది!

కాకినాడ కాజా:
పైన ఉప్పుచేపగారూ, మీరు ‘నిర్జన వారధి’ చదివి మళ్ళీ చెప్పండి ఆ మాట. కొండపల్లి కోటేశ్వరమ్మగారు తొంభై దాటాక 2012లో వచ్చింది. బాల్యవితంతువు, మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. ఆ తర్వాత భర్త సీతారామయ్యగారు వదిలేసి వెళ్ళిపోయారు. అప్పుడు మళ్ళీ పుస్తకాలు పట్టి చదువుకుని, మా ఊరి పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా పనిచేశారు. కొడుకునీ కూతుర్నీ కూడా పోగొట్టుకున్నారు. ఇంత జరిగినా ఎవరినీ దులపలేదు, జాలి పడమని కూడా అడగలేదు. మా అత్తయ్య ఎప్పుడూ పుస్తకం ముట్టని మనిషి, నేను రెండు పేజీలు పైకి చదివితే కళ్ళజోడు తెచ్చుకుని మిగతాది తనే చదివేసుకుంది. ఇంకోటి, జాషువాగారి ‘నా కథ’ పద్యాల్లో ఉంటుంది, పద్యమని భయపడకండి, తేలిగ్గానే అర్థమవుతుంది.

చీరాల ప్యాసింజర్:
నిర్జన వారధి ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. మానుకోట తమ్ముడూ, ఆ రెండిట్లో ముందు ఏది?

మానుకోట:
తమ్మునిదే ముందు చదువన్నా, ఊరు తెలిస్తే అన్న కోపం మంచిగ అర్థమైతది. ఇంకో మాట, కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్ర నెట్ల వికీసోర్స్ అనే సైట్ల ఫ్రీగ దొరుకుతది, కొనకు.