బ్లూటూత్ స్పీకర్‌లో గిటార్ ఒక క్షణం వెనక మోగుతోంది, తప్పు నాదా పెట్టెదా?

గ్రానైట్ గుమాస్తా, చీమకుర్తి:

అన్నలూ, ఒక సందేహం. నాకు 34 ఏళ్లు. ఇక్కడ గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పగలంతా కటింగ్ మెషీన్ల రొద. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. ఆరు నెలల కింద ఒంగోలులో ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ 6,500కి కొన్నాను. గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె, అదే ఆంప్, దానికి డబ్బు మిగల్లేదు. పాప పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన బ్లూటూత్ స్పీకర్ ఒకటి ఇంట్లో ఉంది, అరచేతిలో పట్టేంత. దాంతోనే సరిపెట్టుకుందామని చిన్న ఇంటర్‌ఫేస్ తెప్పించాను. గిటార్‌ను దానికి, దాన్ని ఫోన్‌కు తగిలించి, ఫోన్‌లో ఆంప్ యాప్ పెట్టి, అక్కడి నుంచి బ్లూటూత్‌లో స్పీకర్‌కు పంపుతున్నాను.

మోగుతుంది. కాకపోతే నేను మీటాక, కాస్త ఆగి మోగుతుంది.

ఇది పెట్టె తప్పు కావచ్చని నాకు తట్టనే లేదు. నాకే తాళజ్ఞానం లేదనుకున్నాను. వారానికోసారి ఒంగోలు వెళ్లి నేర్చుకుంటాను. మా మాస్టారు ఒకరోజు "మీటి, ఆగి, వింటున్నావు. ఎవరి కోసం ఆగుతున్నావయ్యా?" అని అడిగారు. నిజమే, ఇంట్లో శబ్దం వచ్చేదాకా ఆగీ ఆగీ చేతికి అదే అలవాటైపోయింది. నెల రోజులు టిక్కు టిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్‌తో కుస్తీ పట్టాను. మొన్న ఆదివారం కరెంటు లేదు, స్పీకర్‌లో చార్జింగూ లేదు. ఉత్త తీగల మీదే వాయిస్తే తాళం చక్కగా కూర్చుంది! అప్పుడు మొదలైంది అనుమానం.

బ్లూటూతే వద్దనుకుని, గిటార్ వైరుకు సన్న పిన్ను అడాప్టర్ తగిలించి స్పీకర్ వెనకున్న ఆక్స్‌లో, అంటే వైరు పెట్టే రంధ్రంలో గుచ్చాను. ఆలస్యం పోయింది గానీ గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది. వాల్యూమ్ మొత్తం పెంచినా అంతే. చేతిలో 5,000 దాకా ఉంది. ఏం చెయ్యమంటారు?

మైక్‌సెట్ బాబాయ్, సింగరాయకొండ:

తప్పు నీది కాదబ్బాయ్. బ్లూటూత్‌లో శబ్దాన్ని ముందు కుదిస్తారు, గాల్లో పంపుతారు, అవతల విప్పుతారు, మధ్యలో తెగకుండా కాస్త నిల్వ పెట్టుకుని అప్పుడు వదులుతారు. ఎస్‌బీసీ అనే మామూలు కుదింపు పద్ధతిలో ఈ తతంగానికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి నీ ఫోన్, యాప్ తినే సమయం అదనం. పాటలు వినేవాడికి ఇదేమీ తెలియదు, పాట మొత్తం ఒకేలా వెనక పడుతుంది కాబట్టి. వాయించేవాడికి అట్లా కుదరదు.

లెక్క చెప్తా చూడు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. 200 మిల్లీసెకన్లంటే 68 మీటర్లు. నువ్వు ఇంట్లో మీటుతున్నావు, స్పీకరేమో వీధి చివర కుళాయి దగ్గరుందన్నమాట. తిరునాళ్లలో నేను వీధి పొడవునా హారన్లు కడతాను. చివరి హారన్ మోత వెనక్కొచ్చి చెవిలో పడితే స్టేజీ మీద డోలక్ వాయించేవాడు తడబడతాడు. అందుకే వాళ్ల వైపు ఒక పెట్టె తిప్పి పెడతాం. చేతికీ చెవికీ మధ్య 10, 15 మిల్లీసెకన్లు దాటిందంటే చెయ్యి పసిగడుతుంది.

గేమింగ్ మోడ్ ఉన్న స్పీకర్ కొనమంటారు కొందరు. 'ఆప్టెక్స్ లో-లేటెన్సీ' అనే తక్కువ ఆలస్యపు పద్ధతి ఫోన్‌లోనూ స్పీకర్‌లోనూ ఉంటేనే 40 మిల్లీసెకన్ల దాకా దిగుతుంది. అదీ ఎక్కువే. డబ్బు దండగ.

పాత సోల్డరింగ్, కావలి:

గోడ అవతల మోగినట్టుందన్నావే, ఆ సంగతి నాకొదిలెయ్ తమ్ముడూ. గిటార్‌లో తీగల కదలికను పట్టే పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్న రాగి తీగ. దాన్నుంచి వచ్చేదే కొంచెం, దానికి బలం అసలుండదు. గిటార్ ఆంప్ ఇన్‌పుట్ 10 లక్షల ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి దాన్ని పెద్దగా లాగదు. ఆక్స్ రంధ్రం 10 వేల చుట్టూ ఉంటుంది. అంగుళం నీళ్లున్న బోరుకు పెద్ద మోటార్ దించినట్టు. శబ్దం పడిపోతుంది, ముందుగా పోయేది పైస్థాయి మెరుపు. అందుకే గోడ అవతల ఉన్నట్టు మూగగా వినిపిస్తోంది.

అడాప్టర్ కూడా చూసుకో. గిటార్ పిన్ను మోనో, స్పీకర్‌ది స్టీరియో. తప్పు అడాప్టర్ పెడితే ఒక పక్కే పలుకుతుంది.

మధ్యలో ఆ బలహీనమైన సిగ్నల్‌కు బలమిచ్చే ప్రీఆంప్ ఒకటి ఉంటే చాలు. టీఎల్072 ఐసీ, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ. పాత టిఫిన్ డబ్బాలో పట్టేస్తుంది. సోల్డరింగ్ చేతకాకపోతే కావలి రా, చేసిస్తా. టీ ఖర్చు నీది.

ఆదివారం గిటార్, నెల్లూరు:

బ్రదర్, మా చర్చిలో పిల్లలకు నేర్పుతాను కాబట్టి ఈ అవస్థలన్నీ చూశాను. టిఫిన్ డబ్బా మంచిదే గానీ మీకు రేపే వాయించుకోవాలని ఉంటుంది కదా. వాక్స్ ఆంప్లగ్ లాంటి హెడ్‌ఫోన్ ఆంప్ చూడండి. గిటార్‌కే గుచ్చుకుంటుంది, రెండు ట్రిపుల్ ఏ సెల్స్‌తో నడుస్తుంది. రాత్రి పూట హెడ్‌ఫోన్స్, పగలు అదే రంధ్రం నుంచి మీ స్పీకర్ ఆక్స్‌కు వైరు. ఆక్స్ ఉన్నందుకు సంతోషించండి, ఇప్పుడు చాలామంది తీసేస్తున్నారు. జేబీఎల్ ఫ్లిప్ 4లో ఉంది, ఫ్లిప్ 5లో లేదు.

కానీ ఆశలు తగ్గించుకోండి. అన్నిటికన్నా లావైన తీగ (E) 82 హెర్ట్జ్‌లో మోగుతుంది. రెండంగుళాల స్పీకర్ అంత కిందికి సరిగా దిగదు. స్పీకర్‌ను గోడకు దగ్గరగా పెడితే కొంచెం బరువొస్తుంది. చీమకుర్తి అంటున్నారు, మీ ఇంట్లో నేల గ్రానైటే అయ్యుంటుంది, గదిలో ఒక బొంత పరవండి, గలగల తగ్గుతుంది. శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెట్టినప్పుడు జోరీగల మోత వస్తే భయపడొద్దు. గిటార్ ఆంప్ స్పీకర్లు 5 వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకవు, మీది పలుకుతుంది. గిటార్ మీది టోన్ నాబ్ సగానికి దించండి.

మైక్‌సెట్ బాబాయ్, సింగరాయకొండ:

నన్నడిగితే ఆ 5,000 కదపకుండా ఇంకొన్నాళ్లు దాచి సరైన చిన్న ఆంప్ కొనుక్కో. బాస్ (Boss) కంపెనీ కటానా మినీ లాంటిది, 7 వాట్లు, నాలుగంగుళాల స్పీకర్, ఆరు పెన్సిల్ సెల్స్. కరెంటు పోయినా వాయించుకోవచ్చు. బ్లూటూత్ ఉన్న ఆంప్ దొరికినా పర్లేదు, అక్కడ గిటార్ వైరులోనే పోతుంది, బ్లూటూత్ వెనక పాటకు మాత్రమే.

గ్రానైట్ గుమాస్తా, చీమకుర్తి:

మూడు వారాలైంది, చెప్పడం ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. మాస్టారు తన హెడ్‌ఫోన్ ఆంప్ వాడుకోమని ఇచ్చారు. ఆక్స్‌లో పెడితే మీటగానే పలికింది. విచిత్రం ఏమంటే మొదటి నాలుగు రోజులు నా చెయ్యి ఇంకా ఆగుతూనే ఉంది, రాని శబ్దం కోసం. ఇప్పుడు తగ్గింది. మాస్టారికి అసలు విషయం చెప్తే నవ్వి, "నెలంతా తిట్టింది నిన్ను కాదు, డబ్బాని" అన్నారు.

బొంత పరిచాను. మా ఆవిడ ఉతికి ఆరేసిన బొంత అది, ఆ గొడవ వేరే.

కావలి అన్నా, ఒక్కటి అడగాలి. ఒక్కోసారి జుయ్‌మని ఒకటే మోత. తీగల మీద చెయ్యి ఉన్నంతసేపు తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. గిటార్ పాడైందా?

పాత సోల్డరింగ్, కావలి:

స్పీకర్ చార్జింగ్‌లో పెట్టి వాయిస్తున్నావా?

గ్రానైట్ గుమాస్తా, చీమకుర్తి:

అవునన్నా.

పాత సోల్డరింగ్, కావలి:

చార్జర్ పీకి చూడు.

గ్రానైట్ గుమాస్తా, చీమకుర్తి:

పీకాను. పోయింది.