మూడున్నరేళ్ల పిల్లాడితో చూచిరాత రాయించాలా, వద్దా?

కృష్ణలంక అమ్మ:
మా బాబుకి మూడున్నరేళ్లు. జూన్‌లో ఎల్‌కేజీలో వేద్దామని స్కూళ్లు చూస్తున్నాం. ఒకచోట వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఏబీసీడీలు మొత్తం రాయమన్నారు, యాభై దాకా అంకెలు రాయమన్నారు. వాడు పెన్సిలు పట్టుకుని గుండ్రాలు గీశాడు. "ఇంట్లో ప్రాక్టీస్ చేయించి రెండు నెలలాగి తీసుకురండి" అన్నారు. మా అత్తగారు, బాసరలో అక్షరాభ్యాసం చేయించాం కదా, ఇంకా ఎందుకు ఆగడం అంటున్నారు. మా ఆయన కూడా రోజూ ఒక పేజీ రాయిద్దాం అంటున్నారు. నాకేమో వాడు ఏడుస్తుంటే చెయ్యి పట్టి దిద్దించడం ఇష్టం లేదు. ఒకటో తరగతికి వెళ్లేలోపు పిల్లలకి నిజంగా ఏం వచ్చి ఉండాలి? పిల్లలకి చదువు చెప్పినవాళ్లు, పెంచినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు, ఏలూరు:
రాయించకండమ్మా. ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాను. ఒకటో తరగతిలోకి వచ్చేవాళ్లలో వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు ఏటా ఉండేవాళ్లు. చింతగింజలు ముందు పోసి "ఏడు ఇవ్వరా" అంటే గుప్పెడు తీసి నా చేతిలో పోసేవాళ్లు. వాళ్లకి వంద దాకా పాట వచ్చు. ఏడంటే ఎంతో తెలియదు.

రోచెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1978లోనే దీన్ని విడమరిచి రాశారు. ఒక్కో వస్తువుకి ఒక్కో సంఖ్య పేరే చెప్పాలి. పేర్ల వరుస మారకూడదు. ఆఖర్న పలికిన పేరే మొత్తం ఎన్నో చెబుతుంది. దేన్నయినా లెక్కపెట్టొచ్చు, ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. ఇందులో మూడో మెట్టు దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. ఐదు బిళ్లలు లెక్కపెట్టించి "ఎన్నున్నాయి?" అని అడగండి. "ఐదు" అనకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే వాడికి ఆ మెట్టు ఇంకా ఎక్కలేదని అర్థం. అలాంటి పిల్లాడి చేత యాభై దాకా రాయిస్తే వాడు గీతలు నేర్చుకుంటాడు, లెక్క నేర్చుకోడు.

మన ఇళ్లలో దీనికి కావలసినవి ఉన్నాయి. కాళ్లాగజ్జా ఆడేటప్పుడు చాపిన కాళ్లని వరుసగా ఒక్కో మాటకీ ఒక్కోటి తాకుతూ పోతాం కదా, మొదటి మెట్టు అదే. వామనగుంటల్లో రెండు వరుసలు, వరుసకి ఏడు గుంటలు. చేతిలో గింజలు ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి, ఎవరి దగ్గర ఎక్కువ చేరాయో పోల్చుకోవాలి. మూడున్నరేళ్లవాడికి పూర్తి ఆట రాదు, గింజలు పంచడం వస్తుంది. గింజలు నోట్లో పెట్టుకోకుండా పక్కనే కూర్చోండి.

ఇంకొక మాట. తెలుగులో ఇరవై దాటాక సంఖ్యల పేర్లు చక్కగా విడిపోతాయి: ఇరవై ఒకటి, ముప్పై నాలుగు, యాభై ఆరు. పదులెన్ని, ఒకట్లెన్ని అన్నది పేరులోనే వినబడుతుంది. హిందీ పిల్లలు తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి పేరూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. పదకొండు, పన్నెండు దగ్గర కాస్త ఓపిక పట్టి ఆ పైన తెలుగులోనే లెక్కపెట్టించండి. ఇంగ్లిష్ మీడియం అని ఇంట్లో కూడా ట్వంటీ వన్ అనే లెక్కపెట్టించేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది.

టైలర్, శ్రీకాకుళం:
మాస్టారూ, మీరు చెప్పింది తప్పనను. కానీ మాలాంటివాళ్లకి ఆ మాట ప్రమాదం. మా పెద్దమ్మాయిని అందరూ చిన్నపిల్ల, ఆడుకోనీ అంటే ఐదేళ్లు దాటేదాకా ఏమీ చెప్పలేదు. ఒకటో తరగతిలో వేశాం. పక్క పిల్లలు అప్పటికే ఎల్‌కేజీ, యూకేజీ చదివి మాటలు రాస్తున్నారు. టీచరు వాళ్లు ఉన్నచోటు నుంచే పాఠం మొదలెట్టింది. మా పిల్లకి అ, ఆ ఎవరు చెబుతారు? నేను రాత్రి పది దాకా మెషీన్ మీద ఉంటాను. దాని తల్లికి చదువు రాదు. పిల్ల బడికి పోనని మొండికేసింది, ఆ ఏడాది మొత్తం నలిగిపోయింది.

ఆటలతో నేర్పడం చదువుకున్న తల్లిదండ్రులున్న ఇళ్లలో నడుస్తుంది. వాళ్లు మాట్లాడే మాటే పాఠం. మా ఇంట్లో పుస్తకం లేదు, పేపరు రాదు. మాకు కనబడే చదువు నోట్‌బుక్కులో ఉన్నదే. పేజీ నిండిందో లేదో నేను చూడగలను. పిల్లకి "ఏడంటే ఎంతో" తెలిసిందో లేదో నేనెలా చూస్తాను? అందుకే రెండోదాన్ని మూడేళ్లకే వేశాను, రాయిస్తున్నారు, నాకు ధైర్యంగా ఉంది. అమ్మా, మీ బాబుని కూర్చోబెట్టండి. మెల్లగా, కొట్టకుండా. కానీ కూర్చోబెట్టండి.

అంగన్‌వాడీ టీచర్, నల్గొండ జిల్లా:
అన్నా, మీ బాధ నాకు తెలుసు. ఏమీ నేర్పకుంట ఐదేళ్లు ఉంచుడు తప్పే. గానీ నేర్పుడు అంటే రాయించుడే అని ఎవలు చెప్పిన్రు?

మా దగ్గరికి మూడేండ్ల పిల్లలొస్తరు. ఫస్టు పని మాట. పొద్దుగాల వచ్చినంక "ఏం తిన్నవ్, ఎవలు తోలుకొచ్చిన్రు, తొవ్వల ఏం చూసినవ్" అని అడుగుతం. ఒక్క ముక్కల జవాబు చెప్పేటోళ్లు ఏడాది తిరిగేసరికి కథే చెప్తరు. తర్వాత చప్పట్ల ఆట. పు-స్త-కం, మూడు చప్పట్లు. అ-మ్మ, రెండు. ప-ల-క, మూడు. అటెన్క "ప తోటి ఏమేం వస్తయ్" అంటే పలక, పండు, పందిరి అని అరుస్తరు. అక్షరం చెవిల పడ్డంక కంటికి చూపెడితే తొందరగ పట్టుకుంటరు. తల, వల, కల, అల అని నాలుగు బొమ్మలు పక్కపక్కన పెడితే, మొదటి అక్షరం మారితే మాటే మారుతదని వాళ్లే కనిపెడ్తరు. అప్పుడు వాళ్ల మొఖం చూడాలె.

రాసుడు కూడ ఉంటది. ఇసుకల వేలితోటి, నేల మీద సుద్దతోటి, లావు క్రేయాన్‌తోటి. పిండి ముద్దలు చేపిస్తం, పూసలు గుచ్చిపిస్తం, కాయితం చింపిపిస్తం. వేళ్లకు బలం వచ్చినంక పెన్సిలు ఇస్తే ఏడ్వరు.

సర్కారు కూడ గిదే చెప్తున్నది. 2023ల "పోషణ్ భీ పఢాయీ భీ", అంటే తిండితోపాటు చదువు కూడ, అని పెట్టి మాకు ట్రైనింగులు ఇచ్చిన్రు. మూడు నుంచి ఆరేండ్ల పిల్లల కోసం "ఆధారశిల" పేరుతోటి కరికులం వచ్చింది, అంత ఆటలే, మాటలే. కష్టమేందంటే టీచర్ ఒక్కతే, ఆయా ఒక్కతే. గుడ్లు, పాలు, బరువులు, ఫోన్ల ఎంట్రీలు, అన్నీ అయినంక పాఠానికి టైం మిగలాలె. మీ పెద్దపిల్ల ఒకటో తరగతిల నలిగిందంటే, దానికి ముందు మా అసొంటి సెంటర్ల ఏం జరిగిందో అడగాలె.

టెక్సాస్ నాన్న:
ఇక్కడ సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. మన తెలుగువాళ్లలో దానికి రెండేళ్ల ముందు నుంచే వర్క్‌షీట్లు, ట్యూషన్ సెంటర్లు మొదలవుతాయి. నేను ఆ దారిలో వెళ్లదలచుకోలేదు, కారణం చెబుతాను.

టెనెసీ రాష్ట్రంలో ప్రభుత్వ ప్రీ-కే తరగతుల మీద, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతుల మీద, పెద్ద అధ్యయనం జరిగింది. దాదాపు 3,000 మంది పిల్లలు, లాటరీలో సీటు వచ్చినవాళ్లూ రానివాళ్లూ. మొదట్లో సీటు వచ్చినవాళ్లే ముందున్నారు. 2022లో ప్రచురించిన ఫలితాల్లో మాత్రం, ఆరో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లలే పరీక్షల్లో, ప్రవర్తనలో కాస్త వెనకబడ్డారు. ఫిన్లాండ్‌లో అసలు బడి మొదలయ్యేదే ఏడేళ్లకి. తొందరగా మొదలుపెడితే ముందుంటారన్న లెక్క అంత నమ్మదగ్గది కాదు.

మేం ఇంట్లో చేసేది ఒకటే. రాత్రి తెలుగులో కథ, మధ్యలో ఆపి "తర్వాత ఏమై ఉంటుంది?" అని అడగడం. స్కూల్లో ఎలాగూ ఇంగ్లిష్ వస్తుంది. ఆలోచన కుదిరిన భాష ఒకటి ఇంట్లో ఉండాలి.

పుస్తకాల పురుగు, హైదరాబాద్:
టెనెసీ ఒక్కటే చూపిస్తే పొరపాటు అవుతుందండి. అమెరికాలోనే మిషిగన్‌లోని ఇప్సిలాంటీలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం ఉంది. 123 మంది పేద పిల్లలు, కొందరికి మంచి ప్రీస్కూల్, కొందరికి లేదు. ప్రీస్కూల్‌కి వెళ్లినవాళ్లు నలభై ఏళ్ల వయసులో కూడా ఉద్యోగం, సంపాదన విషయాల్లో మెరుగ్గా ఉన్నారు. రెండూ ప్రీస్కూళ్లే. లోపల ఏం జరిగిందన్నదే తేడా. ఫిన్లాండ్ పోలిక కూడా మనకి అతకదు. అక్కడ ఆరేళ్లకే ఏడాదిపాటు సన్నాహక తరగతి ఉంది, అంతకుముందు మంచి డేకేర్ ఉంది.

మన దేశంలో జరిగినవి చూద్దాం. ఢిల్లీలో ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ ప్రీస్కూళ్లలో 1,500 మందికి పైగా పిల్లలతో చేసిన ప్రయోగం 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో, పిల్లల మనస్తత్వ పరిశోధకురాలు ఎలిజబెత్ స్పెల్కీ అందులో ఉన్నారు. ఏ కుప్పలో ఎక్కువ చుక్కలున్నాయో పోల్చడం లాంటి ఆటలు నెలల తరబడి ఆడించారు. ఏడాది తర్వాత కూడా పిల్లల్లో పరిమాణాన్ని పసిగట్టే శక్తి నిలిచింది. బడి లెక్కల్లో మాత్రం ఆ లాభం కనబడలేదు. మాస్టారి మాటకి నేను చేర్చదలచుకున్నది ఇదే: ఆట ఆడితే చాలదు, ఆటని అంకెతో కలపాలి. ఏడు గింజలు ఇచ్చాక పక్కన 7 అని రాసిన అట్టముక్క పెట్టాలి.

తమిళనాడులో అంగన్‌వాడీల్లో చదువు కోసమే అదనంగా ఒక సగంపూట టీచర్ని పెట్టి చూశారు. పాఠాల సమయం రెట్టింపైంది, పిల్లల లెక్కలూ భాషా మెరుగయ్యాయి, పోషణ కూడా మెరుగైంది. నల్గొండ టీచరమ్మ చెప్పిన కష్టానికి జవాబు అక్కడుంది. దాని కోసం మనం గట్టిగా అడగాలి.

తెలుగు లిపి గురించి కూడా ఒక మాట. సోనాలి నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధన 2007లో వచ్చింది. మన లిపికి దగ్గరి లిపే కదా. గుణింతాలు, ఒత్తులు కలుపుకుని అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతుల్లో చాలా ఏళ్లు పడుతుందని తేలింది. అంత పొడుగు ప్రయాణాన్ని మూడున్నరేళ్ల వయసులో రెండు నెలల్లో కుదించమని అడుగుతోంది ఆ స్కూలు.

లెక్కల మాస్టారు, ఏలూరు:
అట్టముక్క మాట ఒప్పుకుంటున్నాను, బాగుంది. శ్రీకాకుళం తమ్ముడికి ఒక మాట. నువ్వు పేజీ నిండిందా అని చూస్తున్నావు. దాని బదులు పిల్లని గుండీలు తెమ్మను. "ఎర్రవి నాలుగు తే. చొక్కాకి ఆరు కావాలి, ఇంకెన్ని తేవాలి?" తెస్తే వచ్చినట్టే. ఇందులో చదవాల్సింది ఏమీ లేదు, నీ పని ఆపక్కర్లేదు. ఏది పొడుగు, ఏది పొట్టి, ఇది ఎన్ని జానలు అని టేపు ఇచ్చి అడుగు. కొలతలు మీ ఇంట్లో ఉన్నంతగా లెక్కల మాస్టారి ఇంట్లో కూడా ఉండవు.

టైలర్, శ్రీకాకుళం:
గుండీల సంగతి ఈ రాత్రే చేస్తాను మాస్టారూ. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంది, ఆరేళ్లకి ఒకటో తరగతి అంది. నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కూడా చదవడం, లెక్కలు మూడో తరగతి పూర్తయ్యేసరికి రావాలనే అంటోంది. కాగితం మీద అందరూ మీ వైపే. స్కూలు గేటు దగ్గర మాత్రం రాయమంటున్నారు. రాయని పిల్లకి సీటు లేదంటే నేనెక్కడికి పోవాలి?

కృష్ణలంక అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. టైలర్ అన్నగారు అడిగిందే నా ప్రశ్న కూడా. రాయించకూడదని నాకు నమ్మకం కుదిరింది. మరి స్కూలు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

అంగన్‌వాడీ టీచర్, నల్గొండ జిల్లా:
అక్కా, ఆ క్లాసు నడుస్తున్నప్పుడు పోయి చూడుండ్రి. గోడల మీద పిల్లలు గీసిన బొమ్మలున్నయా, కొన్న చార్టులే ఉన్నయా? పిల్లలకు అందేటట్టు బొమ్మల పుస్తకాలున్నయా, బీరువల తాళం ఏసి ఉన్నయా? ఒక్క టీచర్‌కు ఎంతమంది పిల్లలు? రోజుల ఎంతసేపు కథ, ఎంతసేపు రాత? పిల్లలు మాట్లాడుతుంటే టీచర్ "నోరు మూయ్" అంటున్నదా, వింటున్నదా? గివి అడిగితే మీకే తెలుస్తది.

అన్నా, మీకు ఫీజు కట్టే స్కూలే కావాలని లేదు. మీ ఊరి అంగన్‌వాడీకి పొద్దుగాల పోయి ఒక గంట కూసోండ్రి. పాఠం నడుస్తలేదంటే ఎందుకు నడుస్తలేదని టీచర్‌ను అడుగుండ్రి, సూపర్‌వైజర్‌ను అడుగుండ్రి. మా మండలంల తల్లిదండ్రులు వచ్చి కూసునే సెంటర్లల్ల పొద్దుటి పాఠం ఆగదు. మీ చిన్నదాన్ని ఉన్న స్కూల్లనే ఉంచినా, ఇంటికొచ్చినంక మాస్టారు చెప్పిన గుండీల ఆట ఆడించుండ్రి, ఆనాటి ముచ్చట అడుగుండ్రి. పిల్లకు ఏడ్పు వచ్చినప్పుడు పేజీ నిండకపోయినా పక్కకు పెట్టుమని టీచర్‌కు చెప్పుండ్రి. తండ్రిగా గా మాట చెప్పే హక్కు మీకున్నది.