అప్‌డేట్: స్క్రీన్‌ప్లే పోటీకి పంపాలా వద్దా అని అడిగాను, ఫలితం ఇదీ

పరిశ్రమలో పరిచయాలేవీ లేని కొత్త రచయితకు స్క్రీన్‌ప్లే పోటీల వల్ల నిజంగా గుర్తింపు వస్తుందా అని ఎనిమిది నెలల క్రితం ఇక్కడ అడిగాను. ధైర్యం చెప్పి పంపించమన్న వారందరికీ కృతజ్ఞతలు.

నా స్క్రిప్ట్ రెండో రౌండ్ దాటలేదు. అయినా, విడిగా రుసుము కట్టి తీసుకున్న పాఠకుల అభిప్రాయం నాకు చాలా మేలు చేసింది. కథానాయికకు ఏం కావాలో 31వ పేజీ వరకు తెలియడం లేదని అందులో రాశారు. ఆ సన్నివేశాన్ని 12వ పేజీకి తెచ్చేసరికి, తండ్రి గడియారాన్ని ఆమె తాకట్టు పెట్టే ఘట్టానికి నేను అనుకున్న బరువు వచ్చింది.

గుర్తింపు విషయానికొస్తే, అది పోటీని బట్టి ఉంటుందని ఇప్పుడు నమ్ముతున్నాను. ఆస్కార్ అకాడమీ నడిపే నికోల్ ఫెలోషిప్‌ను 1998లో మైక్ రిచ్‌కు సంపాదించిపెట్టిన స్క్రిప్టే, 2000లో 'ఫైండింగ్ ఫారెస్టర్' చిత్రంగా విడుదలైంది. అటువంటి పోటీలో సెమీఫైనల్‌కు చేరినా, అపరిచితుడి ఉత్తరాన్ని పక్కన పెట్టే నిర్మాత కనీసం మొదటి పది పేజీలు తిరగేస్తారు. న్యాయనిర్ణేతలెవరో, గత విజేతలు తర్వాత ఏం రాశారో చెప్పని పోటీలకు మాత్రం రుసుము కట్టకండి. నేను ఒకదానికి కట్టి నష్టపోయాను.

తిరగరాసిన ప్రతిని చదివిన తోటి పోటీదారు ఒకరు తనకు తెలిసిన దర్శకుడికి ఇచ్చారు. ఆయన పూర్తి స్క్రిప్ట్ అడిగారు, నిన్ననే పంపాను.