నావిడ్రోమ్ స్కాన్ రాత్రంతా నడుస్తోంది, అయినా మార్చిన ట్యాగులు కనిపించడం లేదు

ప్రశ్న:
రాస్ప్‌బెర్రీ పై 4 (4 జీబీ) అనే చిన్న కంప్యూటర్ మీద డాకర్ కంటైనర్‌లో, సొంత పాటల్ని ఇంట్లోంచే స్ట్రీమ్ చేసే సర్వర్ నావిడ్రోమ్ 0.55 నడుస్తోంది. పాటలు సుమారు 38 వేలు: సగం ఫ్లాక్, మిగతావి పాత తెలుగు సినిమా ఎంపీ3లు. అన్నీ నాస్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్క్ పెట్టె) ఉన్నాయి, సాంబా షేర్‌గా (నెట్‌వర్క్ ఫోల్డర్) మౌంట్ చేశాను. నావిడ్రోమ్ డేటాబేస్ ఉండే డేటా ఫోల్డర్ కూడా ఆ షేర్‌లోనే ఉంది. ఫుల్ స్కాన్ (ఫైళ్లన్నీ మళ్లీ చదవడం) తెల్లారేదాకా సాగుతోంది. లాగ్‌లో మధ్యమధ్యలో ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అని వస్తోంది. కొత్త ఆల్బమ్ వేస్తే దానంతట అది రాదు. ఎస్ఎస్‌డీ కొంటే తీరుతుందా?

జవాబు 1:
కొనడం తర్వాత చూద్దాం, ముందు డేటా ఫోల్డర్‌ని ఆ షేర్‌లోంచి బయటికి తీయండి. నావిడ్రోమ్ వాడేది ఎస్‌క్యూలైట్ అనే, ఫైల్ రూపంలో ఉండే డేటాబేస్. దాని ఫైల్ లాకింగ్ (ఒకేసారి ఇద్దరు రాయకుండా వేసే తాళం) నెట్‌వర్క్ షేర్ల మీద నమ్మకంగా పనిచేయదు, ఆ ఎర్రర్ అందుకే. కంటైనర్ ఆపి, డేటాబేస్ ఫైల్‌తో పాటు పక్కన ‘వాల్’, ‘ఎస్‌హెచ్‌ఎమ్’ తోకలున్న ఫైళ్లు ఉంటే వాటినీ కలిపి రాస్ప్‌బెర్రీ పై లోకి కాపీ చేయండి. నడుస్తుండగా కాపీ చేస్తే డేటాబేస్ చెడిపోవచ్చు. ఎస్‌డీ కార్డు మీదైనా షేర్ కంటే నయమే. ఎస్ఎస్‌డీ ఉంటే నీలం రంగు యూఎస్‌బీ (యూఎస్‌బీ 3) పోర్టుకే పెట్టండి.

కొత్త ఆల్బమ్ రాకపోవడం వేరే సంగతి. ఫైళ్ల మార్పులు కనిపెట్టేది లైనక్స్‌లోని ఐనోటిఫై అనే సదుపాయం. నాస్‌లో వేరే కంప్యూటర్ నుంచి పాట వేస్తే ఆ సంగతి రాస్ప్‌బెర్రీ పైలో నడిచే లైనక్స్ కెర్నల్‌కి తెలియదు. పైగా 0.55 నుంచి టైముకి జరిగే స్కాన్ డిఫాల్ట్‌గా ఆఫ్. స్కానర్ షెడ్యూల్‌లో 0 3 * * * అని పెడితే రోజూ తెల్లవారుజామున 3కి జరుగుతుంది. తొందరైతే వెబ్ పేజీలో పైన కుడివైపు ఐకాన్ నొక్కి క్విక్ స్కాన్ (మారినవాటిని మాత్రమే చదవడం) ఇవ్వండి. నిమిషానికోసారి మాత్రం పెట్టకండి, నాస్ డిస్క్‌కి నిద్రే ఉండదు.

ప్రశ్న:
డేటాబేస్ మార్చాను, లాక్ ఎర్రర్ పోయింది. ఫుల్ స్కాన్ ఇంకా గంటల్లోనే ఉంది. ట్యాగులు (ఫైల్‌లోనే దాచే పాట, ఆల్బమ్, గాయకుల వివరాలు) మార్చినా పాత పేర్లే.

జవాబు 2:
ట్యాగులు ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్‌లో మారుస్తున్నారా? అందులో ట్యాగ్ సేవ్ చేసినా ఫైల్ తేదీ మారకుండా ఉంచే ఆప్షన్ ఒకటుంది. అది టిక్ అయి ఉంటే క్విక్ స్కాన్ ఆ ఫైల్ జోలికే పోదు, తేదీ చూసి మారలేదనుకుంటుంది. టిక్ తీసేయండి. ఇప్పటికే మార్చినవాటికి ఒక్క ఫుల్ స్కాన్ తప్పదు.

ఆలస్యం ఎక్కడో కొలిచి చూడండి. రాస్ప్‌బెర్రీ పైలో టైమ్ కమాండ్‌తో కలిపి ఫైండ్ కమాండ్ నడిపి, మ్యూజిక్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ లెక్కపెట్టించండి. మొదటిసారి పట్టిన టైమే అసలు లెక్క, రెండోసారి క్యాష్ వల్ల త్వరగా వస్తుంది. లెక్కపెట్టడానికే నిమిషాలు పడితే తప్పు నెట్‌వర్క్‌ది, వైఫై వదిలి కేబుల్ వేయండి. లెక్క చకచకా అయి, స్కాన్ మాత్రం నత్తనడకైతే ట్యాగుల్లోని బొమ్మల్ని అనుమానించండి. పాటకి 4 ఎంబీ కవర్ అంటించి ఉంటే 10 వేల పాటలకి 40 జీబీ, అదంతా నెట్‌వర్క్ మీదుగా రావాలి. 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకి 11 ఎంబీ చొప్పున చూసినా గంట పైమాటే.

ప్రశ్న:
లెక్క 40 సెకన్లలో వచ్చింది. కవర్లు చూస్తే ఒక్కోటి 3000 పిక్సెళ్ల పీఎన్‌జీ!

జవాబు 2:
దొరికింది. ఫోల్డర్‌కి ఒక్క కవర్ జేపీజీ చాలు, 600 పిక్సెళ్లు. ఫైళ్లలో ఉన్న బొమ్మలు తీసేయండి, బ్యాకప్ ఉంచుకుని.

జవాబు 1:
ఎలాగూ ట్యాగులు తెరుస్తున్నారు కాబట్టి ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి కూడా నింపేయండి. సినిమా పాటల్లో అది ఖాళీగా ఉంటే ఒకే సినిమా గాయకుల వారీగా ముక్కలై ఆరేడు ఆల్బమ్‌లుగా కనిపిస్తుంది. సంగీత దర్శకుడి పేరు అన్ని పాటల్లో ఒకే స్పెల్లింగ్‌తో రాయండి, ఇనీషియల్స్ మధ్య చుక్క తేడా ఉన్నా వేరే మనిషే అవుతాడు.