“తన్ను తాను ఉపేక్షించుకొని” – ఇక్కడ ఉపేక్ష అంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. రోజూ పొద్దున సువార్త భాగం ఒకటి చదివి, దాని మీద నాలుగు మాటలు రాసి మా ప్రార్థన బృందానికి పంపుతుంటాను. కథోలిక పఠనాల పట్టిక చూసుకుంటాను గానీ చదివే పుస్తకం మాత్రం ఇంట్లో ఉన్న పాత అనువాదమే. నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం మర్నాటి భాగం లూకా 9వ అధ్యాయంలోది, అందులో 23వ వచనం: “ఎవడైనను నన్ను వెంబడింపగోరిన యెడల తన్ను తాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను.” దీని మీద రాసి పంపితే బృందంలో ఒక కుర్రాడు అడిగాడు. “అక్రమాలను ఉపేక్షించేది లేదు” అని వార్తల్లో రోజూ వింటున్నాం కదా, అంటే చూసీ చూడనట్టు వదిలేయం అనే కదా అర్థం, మరి తన్ను తాను ఉపేక్షించుకోవడమంటే మన తప్పుల్ని మనమే చూసీ చూడనట్టు వదిలేసుకొమ్మనా? చదివి నవ్వుకున్నాను గానీ వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. మీరేమంటారు?

———

కుర్రాడు బాగా పట్టుకున్నాడండీ. ఉప, ఈక్ష కలిసి ఉపేక్ష. పరీక్ష, ప్రతీక్ష, అపేక్ష అన్నిట్లోనూ ఉన్నది ఆ ఈక్షే, అంటే చూపు. దగ్గరే ఉండి చూస్తూ కూడా కలగజేసుకోకుండా ఊరుకోవడం ఉపేక్ష. అక్కణ్ణుంచి మాట రెండు దారులు పట్టింది. పట్టించుకోకపోవడం ఒకటి, “జ్వరాన్ని ఉపేక్షించకండి” అంటామే అది. తప్పు చేసినవాణ్ణి ఏమీ అనకుండా వదిలేయడం రెండోది. ఈ రెండోది ఇప్పుడు ఎంత బలంగా ఉందంటే ఉపేక్ష అనగానే చాలామందికి ముందు “ఉపేక్షించేది లేదు” అన్న హెచ్చరికే గుర్తొస్తుంది. వచనంలో ఉన్నది మొదటిదే, తన ఇష్టాన్ని, తన సుఖాన్ని పట్టించుకోకుండా అని. అనువాదకుల కాలానికి ఆ అర్థమే ముందు తట్టేదని నా ఉద్దేశం. మాట అక్కడే ఉంది, వాడుకే పక్కకు జరిగింది.

———

సార్ చెప్పింది తెలుగు వరకు సరే. కానీ పట్టించుకోకపోవడం అన్న అర్థం కూడా మూలానికి చాలదని నేననుకుంటున్నాను. లూకా రాసిన గ్రీకులో ఇక్కడ ఉన్న క్రియ అర్నేఒమాయ్. ఎరగనని చెప్పడం, నాకు సంబంధం లేదనడం. ఇదే క్రియ లూకాలోనే 22వ అధ్యాయంలో మళ్లీ వస్తుంది, అదీ ఎక్కడంటే ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో. యేసును పట్టుకెళ్లిన రాత్రి, నడిమధ్య మంట వేసుకొని కూర్చున్నారు, ఆయన శిష్యుడు పేతురు కూడా వాళ్ల మధ్యే కూర్చున్నాడు. ఆ మంట వెలుతురులో ఒక పనిపిల్ల అతన్ని తేరి చూసి ఇతను కూడా ఆయనతో ఉన్నవాడే అంటుంది, పేతురు ఆయనెవరో నాకు తెలియదంటాడు. కాసేపటికి ఇంకొకడు, దాదాపు గంట తరవాత మరొకడు, ఇతను గలిలయవాడే అని గట్టిగా. ఇంకా మాట్లాడుతుండగానే కోడి కూసింది. పేతురు ఆ రాత్రి యేసు గురించి ఏమన్నాడో, శిష్యుడు తన గురించి తాను అదే అనాలని 9:23 చెబుతోంది. వీడెవడో నేనెరగను, వీడితో నాకు పని లేదు అని. ఇద్దరిలో ఎవరో ఒకరిని ఎరగనని అనక తప్పదు, పేతురు తప్పు మనిషిని ఎరగనన్నాడు, అంతే. గ్రీకులో చదివేవాడికి రెండు చోట్లా ఒకే మాట కాబట్టి ఇది కళ్లకు కడుతుంది. మన పాత అనువాదంలో ఒకచోట “ఉపేక్షించుకొని”, ఇంకోచోట “ఎరుగను” అయ్యేసరికి ఆ ముడి విడిపోయింది. మత్తయి, మార్కుల్లో అయితే దీనికే అప అన్న ఉపసర్గ చేరి అపర్నేఒమాయ్ అవుతుంది, పేతురు తనను ఎరగనంటాడని యేసు ముందే చెప్పిన చోట కూడా వాళ్లు అదే వాడారు.

———

అన్నా, ఇది చదివాక నాకో సందేహం తీరింది. “ఉపేక్షించుకొని” అన్న మాట పట్టుకొని ఒంట్లో బాగాలేకపోయినా మందులు వేసుకోకుండా, తిండి సరిగ్గా తినకుండా, అదేదో భక్తి అనుకొనే ఆడవాళ్లను చూశాను. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినడం, జ్వరంతోనే చాకిరీ చేయడం, అడిగితే ఈ వచనమే చూపిస్తారు. ఆరోగ్యాన్ని ఉపేక్షించడం, తన్ను తాను ఉపేక్షించుకోవడం ఒకటే అనిపిస్తాయి మరి, మాట అదే కదా. ఎరగననడం అంటే ఆ గందరగోళం ఉండదు. ఇంట్లో ఎవరి మాట చెల్లాలి అన్న చోట “నేను” అనేవాణ్ణి లెక్కలోంచి తీసేయడమే తప్ప ఒంటిని ఎండగట్టడం కాదు.

———

అందుకే నాకు “తనను తాను కాదనుకొని” అంటే బాగుండనిపిస్తుంది. తెలుగులో కన్నవాళ్లను కాదనుకొని వెళ్లిపోయాడు అంటాం. తెగతెంపులు చేసుకోవడం అన్నమాట. “పరిత్యజించి” లాంటివి బరువుగా ఉన్నాయి గానీ ముంగిట్లో పేతురు అన్న మాట వాటిలో వినపడదు. “కాదనుకొని” రెండు చోట్లా ఇముడుతుంది, పేతురు యేసును కాదన్నాడు, శిష్యుడు తనను కాదనుకోవాలి.

———

కాదనుకోవడం మరీ కటువు కాదూ? పెళ్లి సంబంధం కాదనుకున్నట్టుంది.

———

కటువుగా ఉండాలనే కదండీ ఆ పక్కనే సిలువ పెట్టింది. ఇప్పుడు మనం మోకాళ్ల నొప్పిని, గయ్యాళి అత్తగారిని కూడా “ఇదే నా సిలువ” అంటున్నాం. ఆ రోజుల్లో సిలువ మోస్తూ వీధిలో నడిచేవాణ్ణి చూస్తే వాడు తిరిగి రాడని అందరికీ తెలుసు. శిక్ష పడినవాడే ఆ కొయ్యను చంపే చోటిదాకా మోసుకెళ్లాలి. ఈ వచనాన్ని అక్షరాలా చేసి చూపించినవాడు లూకాలో ఒకడున్నాడు, పొలం నుంచి వస్తుంటే పట్టుకొని యేసు సిలువను మోయించిన కురేనీయుడు సీమోను. 23:26లో అతను సిలువ మోసింది “యేసువెంట”. అతన్నెవరూ శిష్యుడా అని అడగలేదు, అతను కూడా నేను వెంబడిస్తానని ముందుకు రాలేదు.

నా వైపు నుంచి ఇంకో చిన్న మాట, “ప్రతిదినము” గురించి. ఇది లూకాలో మాత్రమే ఉంది, మత్తయి 16:24లోనూ మార్కు 8:34లోనూ లేదు. చచ్చిపోవడం ఒక్కసారే జరిగేది, దాన్ని రోజూ ఎలా చేస్తారు? ఆ ఇరకాటం లూకా కావాలనే పెట్టాడనుకుంటాను. గ్రీకులో ఇదే పదబంధం ప్రభువు ప్రార్థనలో “దినదినము” అయింది (11:3). మళ్లీ ధనవంతుడు, లాజరు కథలో ఆ ధనవంతుడు ఊదారంగు బట్టలు కట్టుకొని “ప్రతిదినము” సుఖపడేవాడు (16:19). రోజూ సిలువ ఎత్తుకొనేవాడు, రోజూ అన్నం అడిగేవాడు, రోజూ విందు చేసుకొనేవాడు. గుమ్మం దగ్గర పేదవాడు లాజరు పడి ఉన్నా ఆ మూడోవాడు పట్టించుకోలేదు. ఉపేక్ష అంటే అదిగో, అచ్చంగా అది.

———

బాగుంది మాస్టారూ. వ్యాకరణం అడిగేవాళ్ల కోసం ఒకటి చేరుస్తాను. గ్రీకులో కాదనుకోవడం, ఎత్తుకోవడం రెండూ ఒక్కసారి చేసే పని చెప్పే రూపంలో ఉన్నాయి, వెంబడించడం మాత్రం ఆగకుండా సాగే రూపంలో ఉంది. తెలుగులో “వెంబడిస్తూ ఉండాలి” అంటే దగ్గరగా వస్తుంది. వెంబడించడమంటే ఇప్పుడు పోలీసులు దొంగను తరమడమే గుర్తొస్తుందని కొందరు “అనుసరించు” అంటారు, నాకైతే వెంబడించే నచ్చుతుంది. “దారి వెంబడి చెట్లు” అన్నప్పుడు అందులో తరమడం ఏముంది?

———

అందరికీ థాంక్సండీ. కుర్రాడికి ఇలా పంపాను: “వదిలేసుకోవడం కాదు నాయనా. 22వ అధ్యాయంలో పేతురు యేసును ఎరగనన్నాడు చూడు, ఆ మాట నీ గురించి నువ్వు అనుకోవడం.” దానికి వాడి జవాబు, “అయితే అంకుల్, పేతురు మూడుసార్లన్నాడు, నేను రోజుకు ఎన్నిసార్లనాలి?” దీనికి మీలో ఎవరైనా చెప్పండి, నాకు ఆఫీసుకు టైమవుతోంది.