‘రాజుగారి బండెక్కాడు’ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఫ్రెంచి రాజుల వర్సాయ్ కొలువు మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 18వ శతాబ్దపు ఫ్రెంచి ప్రభువు ఒకాయన ‘రాజుగారి కరోస్‌లు ఎక్కాడు’ అని ఉంది. కరోస్ అంటే గుర్రాలు లాగే పెద్ద బండి. బండి అంటే ఎడ్లబండి అనుకుంటారు, రథం అంటే దేవుడి ఉత్సవం గుర్తొస్తుంది. ఏం రాయమంటారు?

జవాబు: బండి పేరు తర్వాత చూద్దామండీ. అక్కడున్నది ప్రయాణం కాదు, హోదా. రాజు వేటకు వెళ్లేటప్పుడు ఆయన బళ్లలో చోటు దొరకాలంటే ముందు వంశం నిరూపించుకోవాలి. 15వ లూయీ హయాంలో, 1760 నుంచి అమలైన నియమం ప్రకారం 1400 నాటికే తమది ప్రభువుల వంశమని కాగితాలు చూపించాలి. మధ్యలో ఏ రాజో బిరుదిచ్చి ప్రభువుల్లో కలిపినట్టు బయటపడితే కుదరదు. వంశావళుల అధికారి దస్తావేజులన్నీ తిరగేసేవాడు. రాజు తలుచుకుంటే మినహాయింపులూ ఉండేవి, అది ఎక్కడైనా ఉన్నదే. మొత్తానికి ‘బండెక్కాడు’ అంటే అతని వంశం పాతదనాన్ని కొలువు ఒప్పుకుందని అర్థం.

‘లూవ్ర్ గౌరవాలు’ అనే మాట కూడా తగలొచ్చు. సొంత బండిలో రాజభవనం లోపలి ముంగిటి దాకా వచ్చే హక్కు అది. ప్రభువుల్లో పై హోదా ఉన్న డ్యూకులకు ఉండేది. అది లేనివాళ్లు బయటే దిగి, వర్సాయ్‌లో అద్దెకు దొరికే నీలం రంగు కుర్చీ పల్లకీల్లో లోపలికి వెళ్లేవారు.

ఇంకో జవాబు: ఈ బళ్ల వరస కోసం ప్రాణాలే పోయాయి. 1661లో లండన్‌లో స్వీడన్ రాయబారి ఊరేగింపులో ఎవరి బండి ముందుండాలని ఫ్రాన్స్, స్పెయిన్ రాయబారుల మనుషులు వీధిలోనే పొడుచుకున్నారు. గుర్రాలను బండికి కట్టే తోలుపట్టాలను ఎవరూ కోసెయ్యకుండా స్పెయిన్ వాళ్లు లోపల ఇనుప గొలుసులు పెట్టుకొచ్చారట! ఆ రోజు నెగ్గింది వాళ్లే. కానీ 14వ లూయీ యుద్ధమంటూ బెదిరించేసరికి మరుసటి ఏడాది స్పెయిన్ తగ్గింది.

ఇంకో జవాబు: ‘కోచ్’ అనెయ్యండి. హంగరీలో కోచ్ అనే ఊళ్లో తయారైన బళ్ల నుంచి వచ్చిన మాటే కదా.

ప్రశ్న వేసినవారు: రాజుగారి కోచ్ అంటే ఏసీయా, స్లీపరా అంటారండీ.

జవాబు: గుర్రబ్బండికి జమీందార్ల కాలం మాట ‘సారట్టు’ ఉంది, కానీ ఇప్పటి పిల్లలకు తెలియదు. నన్నడిగితే బండి కన్నా క్రియే ముఖ్యం. రాయల గురించి పెద్దన ‘కేలూత యొసఁగి యెక్కించుకొనియె’ అన్నాడు, అంటే చెయ్యందించి తన ఏనుగు మీదికి ఎక్కించుకున్నాడని. అది కవి మీద రాజుకున్న ఆదరణ, అక్కడ ఎవరూ వంశావళి అడగలేదు. ఇక్కడ ‘ఎక్కించుకున్నాడు’ అంటే ఆ ఆదరణే వినిపిస్తుంది, కాగితాల తతంగం పోతుంది. అందుకే ‘రాజుగారి బండెక్కే అర్హత పొందాడు’ అని రాసి, 1400 సంగతి అక్కడే ఒక వాక్యంలో చెప్పెయ్యండి.